ఫాల్కన్ తండ్రి, స్కైలైన్ కొడుకు

ఏటా అక్టోబరులో బాథర్స్ట్ కార్ల పందెం జరిగే ఆదివారం మా వీధిలో ఏదో ఒక ఇంటి గరాజు తలుపు తెరిచే ఉంటుంది; లోపలి టీవీలోంచి ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ల మోత పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీధిలోకి వస్తూనే ఉంటుంది. మొన్నటి అక్టోబరులో పందెం ముగిసిన కాసేపటికి ఎవరో కుర్రవాడు మా కూడలిలో టైర్లు కాల్చి వెళ్లాడు. పొగ విడిపోయాక కూడా కాలిన రబ్బరు కమురు వాసన, దానితో కలిసిన సగం మండిన పెట్రోలు వాసన చాలాసేపు పోలేదు. మా ఆవిడ విసుక్కుంటూ కిటికీలు మూసింది. నాకు మాత్రం ఆ వాసనతో క్యాంప్‌బెల్‌ఫీల్డ్ పెట్రోలు బంకు, అక్కడ రాత్రుళ్లు నేను కూర్చున్న గల్లాపెట్టె, దాని ముందు నిలబడి ఆస్ట్రేలియా కార్ల వాళ్లూ జపాన్ కార్ల వాళ్లూ అలుపు లేకుండా సాగించిన తగవు ఒక్కొక్కటిగా గుర్తుకు రాసాగాయి.

చదువు కోసం మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో నాకు దొరికిన పని అది. బంకు నగరానికి ఉత్తరాన, హ్యూమ్ హైవే మీద, ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీకి దగ్గరలో ఉండేది. ఆ ఫ్యాక్టరీని అందరూ బ్రాడ్‌మెడోస్ ప్లాంట్ అనేవారు గాని, నిజానికి అది ఉన్నది క్యాంప్‌బెల్‌ఫీల్డ్‌లోనే. 1960లో మొదటి ఫాల్కన్ వచ్చినప్పటి నుంచి ఆ కారుకు అదే పుట్టిల్లు; ఇంజన్లు మాత్రం గీలాంగ్‌లో పోతపోసుకుని వచ్చేవి. చుట్టుపక్కల వీధుల నిండా రంగులు వేసేవాళ్లు, రేడియేటర్లు బాగుచేసేవాళ్లు, పాత కార్లను విప్పి విడిభాగాలు అమ్మే యార్డుల వాళ్లు. గాలిలో ఎప్పుడూ ఏదో ఒక లోహాన్ని కోస్తున్న వాసన ఉండేది.

రాత్రి పొద్దుపోయాక తలుపులకు తాళం వేసి, మందపాటి అద్దం కింద ఉన్న సొరుగులోంచి డబ్బు తీసుకునేవాణ్ణి. కారు వచ్చి ఆగగానే నంబరు ప్లేటు చూసి కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే పంపు వదలాలని మా యజమాని చెప్పాడు, ఎందుకంటే ట్యాంకు నింపుకుని డబ్బు ఇవ్వకుండా పోయేవాళ్లకు ఆ హైవే మీద కొదవ లేదు. అలా ప్రతి కారునూ శ్రద్ధగా చూడక తప్పని పని కావడం వల్ల, నాకు కార్ల మీద ఏ ఆసక్తీ లేకపోయినా, కొన్నాళ్లకు తల ఎత్తకుండానే వచ్చిందేమిటో చెప్పగలిగే చెవి అబ్బింది. ఆస్ట్రేలియా కంపెనీ అయిన హోల్డెన్ వాళ్ల కమడోర్ వీ8 ఆగి ఉన్నప్పుడు కూడా కుదురుగా ఉండదు. దాని గుడగుడకు మా షెల్ఫుల మీది సీసాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగేవి. ఫాల్కన్ ఆరు సిలిండర్లది బొంగురు గొంతు. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున ఎదురెదురుగా పడుకుని ఉంటాయి కనుక దాని చప్పుడు మిగతా వాటిలా ఏకధారగా కాక తడబడుతూ వస్తుంది. పిస్టన్లే లేని మాజ్దా ఆర్‌ఎక్స్-7 రోటరీ ఇంజన్ వస్తుంటే పక్క సిగ్నల్ దగ్గరి నుంచే తెలిసేది. నిస్సాన్ స్కైలైన్ వాళ్లు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసిన ప్రతిసారీ, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బోలో మిగిలిన గాలి వాల్వులోంచి ‘ప్‌ష్‌ష్’ మని బయటపడేది. ఆ చప్పుడు కోసమే అవసరం లేని చోట కూడా గేర్లు మార్చేవాళ్లు ఉండేవారు.

ఈ టర్బో బళ్లతో నాకు వేరే చిక్కు ఒకటి ఉండేది. టర్బోలోని ఇరుసు విపరీతమైన వేడిలో తిరుగుతుంది. ఇంజన్ ఉన్నట్టుండి ఆపేస్తే నూనె ప్రసరణ ఆగిపోయి ఆ వేడికి అక్కడే మాడిపోతుంది. అందుకని కుర్రాళ్లు టర్బో టైమర్ అనే చిన్న పెట్టె బిగించుకునేవారు. తాళం తీసి జేబులో వేసుకుని దిగిపోయినా ఇంజన్ మరో నిమిషమో రెండు నిమిషాలో తనంతట తాను నడిచి ఆగుతుంది. బంకు నియమం ప్రకారమేమో ఇంజన్ ఆగితే గాని పంపు వదలకూడదు. నేను మైకులో “మూడో పంపు, ఇంజన్ ఆపండి” అనడం, ఆ కుర్రవాడు చేతిలోని తాళం పైకెత్తి నాకు చూపించడం, వెనక వరసలో నిలబడ్డ ఫాల్కన్ పెద్దమనిషి “నీ బండి నీ మాటే వినదా?” అని ఎకసెక్కం ఆడటం దాదాపు ప్రతి శుక్రవారం రాత్రీ జరిగే తంతు. దానికి జవాబుగా ఆ కుర్రవాడు ఫాల్కన్ వాడకం గురించి, లీటరుకు అది నడిచే కిలోమీటర్ల గురించి ఏదో ఒకటి అనేవాడు. అక్కడి నుంచి మాట పెరిగేది.

* * *

ఈ తగవు లోతు నాకు తెలిసింది ఒక తండ్రీ కొడుకుల వల్ల. తండ్రి పడుచువాడిగా ఉన్నప్పుడు ఇటలీ నుంచి ఓడలో వచ్చి, ఫోర్డ్ లైనులో తలుపులు బిగించే పనిలో చేరి, జీవితమంతా ఆ ఫ్యాక్టరీలోనే గడిపినవాడు. తెల్ల ఫాల్కన్ నడిపేవాడు. కొడుకుది నీలం రంగు స్కైలైన్ ఆర్33. అది జపాన్‌లో కొన్నేళ్లు తిరిగాక ఓడెక్కి వచ్చిన పాత బండి. రెండు దేశాల్లోనూ రోడ్డుకు ఎడమవైపే నడుపుతారు, స్టీరింగు కుడివైపే ఉంటుంది. అందువల్ల జపాన్ వాళ్లు వాడి వదిలేసిన వేగవంతమైన కార్లకు ఆస్ట్రేలియా కుర్రకారు సహజమైన గిరాకీ అయింది. ఒకే ఇంట్లో ఉండే ఆ ఇద్దరూ మా బంకుకే వచ్చేవారు గాని కలిసి రావడం అరుదు. ఇంటి ముందు కారు నిలిపే చోటులో స్కైలైన్‌కు అనుమతి లేదని, దాన్ని వీధిలోనే పెట్టుకోవాలని తండ్రి శాసనమట.

పెద్దాయన షిఫ్టు దిగి ఇంటికి పోతూ ‘పై’ అనే మాంసం కూరిన రొట్టె ఒకటి, ఒక కాఫీ తీసుకుని, జనం లేకపోతే కాసేపు నిలబడి మాట్లాడేవాడు. ఆస్ట్రేలియా కారు అంటూ ఆయన అంతగా ఛాతీ విరుచుకునే ఆ ఫాల్కన్‌ను తయారు చేసినవాళ్లు ఎవరంటే, ఆయన మాటల్లోనే ఇటలీ వాళ్లు, గ్రీకులు, తుర్కులు, యుగోస్లావ్‌లు, తర్వాత వచ్చిన వియత్నాం వాళ్లు. 1973లో ఆ ఫ్యాక్టరీలో వారాల తరబడి సాగిన సమ్మెలో, అద్దాలు పగిలిన ఆ జూన్ నెల రోజున, తాను గేటు దగ్గరే ఉన్నానని చెప్పేవాడు. లైను వేగం తట్టుకోలేక, మూత్రానికి వెళ్లాలన్నా అనుమతి అడగవలసి రావడం భరించలేక తిరగబడ్డామని చెప్పిన నోటితోనే, మరుక్షణం ఆ లైను మీంచి దిగిన కారును ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకునేవాడు కాదు. యాజమాన్యం మీద కోపం వేరు, బండి మీద మమకారం వేరు అన్నట్టుండేది ఆయన వరస.

కొడుకు మాత్రం తండ్రి అభిమానాన్ని అమాయకత్వంగా చూసేవాడు. “మేట్, మా నాన్న ఆ కారును ప్రేమించడం లేదు, తన చిన్నప్పటి జీతాన్ని ప్రేమిస్తున్నాడు” అని ఒకసారి నాతో అన్నాడు. అతని స్నేహితుల్లో లెబనాన్ పిల్లలు, వియత్నాం పిల్లలు, తుర్కీ పిల్లలు ఎక్కువ. స్కూల్లో తమను పరాయివాళ్లుగా చూసిన పిల్లలు కమడోర్లూ ఫాల్కన్లూ నడుపుతుంటే, వీళ్లు ఆ రెండూ కానిది ఏరుకున్నారని నాకు అనిపించేది. జపాన్ కార్లను ‘రైస్ బర్నర్’లని, అంటే బియ్యం మండించే బళ్లని, వెక్కిరించేవాళ్లు ఆ వెక్కిరింతను కార్లతో ఆపేవారు కాదు కూడా.

* * *

మా ఊళ్లో పెద్ద హీరోల సినిమాలు ఒకే రోజు విడుదలైతే థియేటర్ల ముందు జరిగే రభస చూసి పెరిగినవాణ్ణి కనుక అభిమానుల తగవు నాకు కొత్త కాదు. కొత్తగా తోచింది ఏమిటంటే, తరతరాలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని హోల్డెన్ వాళ్లూ ఫోర్డ్ వాళ్లూ జపాన్ కారు కనబడేసరికి ఒక్కటైపోవడం. దానికి కారణం అడిగితే ఇద్దరూ 1992 అనేవారు.

బాథర్స్ట్ సిడ్నీకి పడమరగా ఉన్న ఊరు. అక్కడి మౌంట్ పనోరమా కొండ మీద 6.213 కిలోమీటర్ల రోడ్డు చుట్టు ఉంది. మామూలు రోజుల్లో అది ఎవరైనా వెళ్లగల రోడ్డే. పందెం నాడు దాని మీద 161 చుట్లు, అంటే 1000 కిలోమీటర్లు తిరగాలి. కొండ ఎక్కేటప్పుడు ఇరుకు మలుపులు, దిగేటప్పుడు అంతకన్నా ఇరుకు మలుపులు, ఆ తర్వాత కాన్‌రాడ్ స్ట్రెయిట్ అనే పొడవాటి దిగుడు దారి. 1989లో కొత్త స్కైలైన్ జీటీ-ఆర్ గురించి రాస్తూ ‘వీల్స్’ అనే ఆస్ట్రేలియా పత్రిక దానికి గాడ్జిలా అని పేరు పెట్టింది. నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఏర్పాటు, రెండు టర్బోలు, 2.6 లీటర్ల ఆరు సిలిండర్లు గల ఆ కారు 1991లో జిమ్ రిచర్డ్స్, మార్క్ స్కైఫ్‌ల చేతుల్లో బాథర్స్ట్ గెలిచింది. దాన్ని అదుపు చేయడానికి బరువు పెంచారు, టర్బో పీడనానికి హద్దు పెట్టారు. అయినా 1992లో మళ్లీ అదే జంట, అదే కారు.

ఆ రోజు జరిగిన సంగతి పెద్దాయన చెప్పినంత ఆవేశంగా నేను చెప్పలేను. కుండపోత వర్షంలో కార్లు ఒకదాని వెంట ఒకటి జారి గోడలకు గుద్దుకున్నాయి. నిర్వాహకులు ఎర్రజెండా చూపి పందెం ఆపేశారు. అప్పటికి రిచర్డ్స్ నడుపుతున్న జీటీ-ఆర్ కూడా దెబ్బతిని కొండ దిగువన ఆగిపోయి ఉంది. కానీ నిబంధన ప్రకారం ఫలితాన్ని అంతకు ముందు పూర్తయిన చుట్టు నుంచి లెక్కించారు. ఆ చుట్టులో ముందున్నది అదే కనుక గెలుపు దానిదే అయింది. రెండో స్థానంలో నిలిచింది డిక్ జాన్సన్, జాన్ బోల ఫోర్డ్ సియెర్రా. వర్షంలో తడిసి, తాగి ఉన్న జనం విజేతలను చూసి అరిచారు, ఎగతాళి చేశారు. అంతకు ముందే రిచర్డ్స్‌కు తన పాత మిత్రుడు, ఒకప్పటి ప్రపంచ చాంపియన్ డెనీ హ్యూమ్ ఆ పందెంలోనే కారు నడుపుతూ గుండె ఆగి చనిపోయాడని తెలిసింది. ఆయన మైకు అందుకుని జనాన్ని నేరుగా బూతుమాటతో తిట్టాడు.

“నడవలేని కారుకు బహుమతి ఇచ్చారు బాబూ, నడిచే కారును పక్కన నిలబెట్టి” అంటూ పెద్దాయన బల్ల మీద చెయ్యి వేసి కొట్టేవాడు. ఒకసారి ఆ మాట అంటుండగా కొడుకు కూడా అక్కడే ఉన్నాడు. “నాన్నా, నువ్వు ఏడ్చే ఆ సియెర్రా నీ బ్రాడ్‌మెడోస్‌లో తయారైందా? అది యూరప్ కారు, దానికీ టర్బోయే ఉంది” అన్నాడు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. 1978, 1979, 1980లలో వరసగా మూడేళ్లు హోల్డెన్ వీరుడు పీటర్ బ్రాక్‌కు జంటగా హోల్డెన్ నడిపి బాథర్స్ట్ గెలిచింది ఇదే జిమ్ రిచర్డ్స్. అప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే కదా ఇవి? ఇక స్కైఫ్ సంగతి చూస్తే, ఆయన తర్వాతి కాలంలో హోల్డెన్ జట్టులో చేరి అదే కొండ మీద మళ్లీ మళ్లీ గెలిచి అదే జనానికి ఆరాధ్యుడయ్యాడు. పెద్దాయన దగ్గర దీనికి సమాధానం లేదు. ఆయన చేతిలోని ‘పై’ తినడం పూర్తి చేసి వెళ్లిపోయాడు.

నా అభిప్రాయం అడిగితే, ఆ కారు పందెంలో మిగతా వాటిని చిన్నబుచ్చిన మాట వాస్తవమే. ముందే ఫలితం తెలిసిన పందానికి వేల మంది చలిలో గుడారాలు వేసుకుని ఎందుకు రావాలి అన్న ప్రశ్నలో న్యాయం ఉంది. 1993 నుంచి వీ8 ఫాల్కన్లకూ కమడోర్లకూ పెద్దపీట వేసే కొత్త నిబంధనలు వచ్చి జీటీ-ఆర్‌కు చోటు లేకుండా పోయింది. ఓడించలేక తలుపు మూశారని కొడుకు వర్గం, ఇంటి పందెం ఇంటికి వచ్చిందని తండ్రి వర్గం. నేను ఆ బంకులో ఉన్నన్నాళ్లూ ఈ వాదన ఒక్క అంగుళం కూడా జరగలేదు.

* * *

మా అద్దె ఇంట్లో నాతో పాటు ఉన్న నెల్లూరు అబ్బాయి రాత్రిపూట టాక్సీ నడిపేవాడు. ఆ రోజుల్లో మెల్‌బోర్న్ టాక్సీలన్నీ పసుపు రంగువి, దాదాపు అన్నీ గ్యాస్ మీద నడిచే ఫాల్కన్లు. తెల్లవారుజామున గ్యాస్ నింపుకోవడానికి మా బంకుకే వచ్చి, నేను ఇచ్చే టీ తాగి, నడుం నొప్పి గురించి చెప్పుకునేవాడు. “ఈ బండి కోసం వీళ్లు కొట్టుకుంటున్నారా అన్నా? నాకు కలలో కూడా దీని సీటు కనబడుతోంది” అనేవాడు. మనవాళ్లలో ఎందరికో ఫాల్కన్ అంటే పందెపు కారు కాదు. అది ఇంటికి పంపిన డబ్బు, కట్టిన ఫీజు, తాగినవాళ్ల వాంతులు కడిగిన వెనక సీటు.

ఒక తెల్లవారుజామున ఆ టాక్సీ ఆగి ఉండగా పెద్దాయన ఉదయం షిఫ్టుకు పోతూ వచ్చాడు. మీటరు మీద ఆరు లక్షల కిలోమీటర్లు దాటిన అంకె చూసి, బానెట్ ఎత్తమని అడిగి, ఇంజన్ వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ఇంజన్ ఆయిల్ డబ్బా ఒకటి కొని మావాడి చేతిలో పెట్టి, ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలో రెండుసార్లు చెప్పి వెళ్లాడు. మావాడు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. ఆ టాక్సీలో ఉన్న ఆరు సిలిండర్ల ఇంజన్‌కే గీలాంగ్ వాళ్లు టర్బో తగిలించి 2002లో ఎక్స్‌ఆర్6 టర్బో అనే ఫాల్కన్ తెచ్చారు. నాలుగు లీటర్లు, 240 కిలోవాట్లు. ఆ ఇంజన్‌కు బారా అని ముద్దుపేరు. బారమండి అనే ఇక్కడి చేప పేరులోంచి వచ్చింది.

నేను కొనుక్కున్న మొదటి కారు మిత్సుబిషి మాగ్నా. అందుబాటు ధరకు దొరికింది, ఏ హంగూ లేనిది. కంపెనీ జపాన్‌ది, తయారైంది ఆడిలైడ్ దగ్గర టాన్స్‌లీ పార్క్‌లో. దాన్ని బంకు ముందు నిలిపిన మొదటి రోజున రెండు వర్గాలూ వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఇది తమది కాదంటే తమది కాదని తేల్చి వెళ్లిపోయాయి. పెద్దాయనకు మాత్రం దాని మీద కొంచెం జాలి కలిగింది. ప్రభుత్వం 1980లలో కార్ల పరిశ్రమను గాడిలో పెట్టాలని చూసినప్పుడు కంపెనీలు ఒకరి కార్లకు ఇంకొకరి పేర్లు తగిలించి అమ్ముకున్న వైనం ఆయన చెప్పగా విన్నాను. హోల్డెన్ కమడోర్‌కే టయోటా పేరు పెట్టి లెక్సెన్ అని అమ్మారు. టయోటా కరోలాకు హోల్డెన్ పేరు పెట్టి నోవా అన్నారు. వెనక సామాన్ల తొట్టి ఉండే ఫాల్కన్ యూట్‌ను నిస్సాన్ పేరుతోనూ అమ్మారు. ఇది చెప్పి ఆయన నవ్వేవాడు గాని, అలాంటప్పుడు మీ తగవుకు అర్థమేమిటని అడిగితే మాత్రం నవ్వు ఆపేసేవాడు.

* * *

శుక్రవారం రాత్రుళ్లు కాల్డర్ పార్క్ అనే కార్ల పందెం మైదానంలో ఎవరి కారునైనా తెచ్చి చట్టబద్ధంగా పరుగు తీయించుకునే వీలుండేది. అక్కడికి పోయేవాళ్లు చీకటి పడేవేళకు మా దగ్గర 98 ఆక్టేన్ పెట్రోలు నింపుకుని, టైర్లలో గాలి చూసుకుని, గుంపులుగా బయలుదేరేవారు. 2006 జూలైలో విక్టోరియాలో కొత్త చట్టం వచ్చి, రోడ్డు మీద పందాలు వేసుకున్నా టైర్లు కాల్చినా పోలీసులు కారును 48 గంటలు పట్టుకుపోవచ్చని తేలాక, కాల్డర్ గుంపు ఇంకా పెరిగింది.

సెలవు దొరికిన ఒక శుక్రవారం కొడుకు నన్ను తన స్కైలైన్‌లో తీసుకెళ్లాడు. వీ8 వాళ్లు ఒక వరస, జపాన్ వాళ్లు ఒక వరస. మధ్యలో ఎవరూ గీయని గీత ఒకటి అందరికీ తెలుసు. నీళ్లు చల్లిన చోట టైర్లను తిప్పి వేడెక్కించి, రంగు దీపాల స్తంభం ముందు ఇద్దరిద్దరు నిలబడి, పచ్చదీపం పడగానే 402 మీటర్లు పరుగెత్తి, చివర కిటికీ దగ్గర సెకన్లు అచ్చయిన కాగితం తీసుకోవాలి. మావాడికి ఎదురుగా వచ్చింది ఒక ఎక్స్‌ఆర్6 టర్బో. నడిపేది నడివయసు ఆయన; వెనక సీట్లో పసిపిల్లల కుర్చీ బిగించే ఉంది. ఆ కుర్చీతో సహా అది స్కైలైన్‌ను దాటిపోయింది. తిరుగుదారిలో కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. రింగ్ రోడ్డు మీదికి వచ్చాక, “మా నాన్నకు చెప్పకు మేట్” అన్నాడు. నేను చెప్పలేదు. కానీ మరునాడు పెద్దాయన కాఫీకి డబ్బు ఇస్తూ, “పిల్లల కుర్చీ కూడా ఉందట కదా?” అని అడిగాడు. ఆయన లైనులో పనిచేసేవాళ్లలో సగం మంది పిల్లలు కాల్డర్‌లోనే ఉంటారని మేమిద్దరం మరిచిపోయాం.

2006 సెప్టెంబరు 8 కూడా శుక్రవారమే. ఆ రోజు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక ర్యాలీలో కారు చెట్టుకు గుద్దుకుని పీటర్ బ్రాక్ చనిపోయాడు. బాథర్స్ట్ తొమ్మిదిసార్లు గెలిచిన మనిషి. మా బంకుకు అంత దూరం కాని హర్స్ట్‌బ్రిడ్జ్‌లో పెరిగినవాడు. ఆయన కారు నంబరు 05. తాగి నడపవద్దని చెప్పే ప్రచారం కోసం రక్తంలో ఆల్కహాలు హద్దు 0.05ను గుర్తుచేస్తూ పెట్టుకున్న నంబరు అది. ఆ సాయంత్రం రోజూ వచ్చే గుంపే వచ్చింది గాని ఎవరూ పరిహాసాలాడలేదు. కమడోర్ల వెనక అద్దాల మీద తెల్లరంగుతో 05 అని రాసుకున్నారు. రాత్రి పొద్దుపోయాక కొడుకు వచ్చాడు. అతని స్కైలైన్ అద్దం మీద కూడా అదే అంకె. ఫోర్డ్ మనిషి అయిన తండ్రి హోల్డెన్ వీరుడి కోసం టోపీ తీసి నిలబడటం, ఆ పక్కనే జపాన్ కారు మీద 05 అని రాసి ఉండటం ఆ ఒక్క రాత్రి ఎవరికీ వింతగా కనబడలేదు. సోమవారానికి తగవు మళ్లీ మొదలైంది.

* * *

స్కైలైన్ ఓడిపోయిన దగ్గర నుంచి కొడుకుకు ఇంజన్ పెంచాలనే పట్టుదల పట్టుకుంది. తన బండిలోని 2.5 లీటర్ల ఇంజన్ పైభాగాన్ని ఉంచుకుని, అడుగున మూడు లీటర్ల బ్లాకు పెట్టుకుంటే బలం పెరుగుతుందని స్నేహితులు చెప్పారు. ఆ బ్లాకు ఎక్కడ దొరుకుతుందంటే, క్యాంప్‌బెల్‌ఫీల్డ్ యార్డుల్లో పడి ఉన్న 1980ల నాటి హోల్డెన్ కమడోర్లలో.

ఇందులో మర్మం ఏమిటంటే, 1986లో సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయినప్పుడు హోల్డెన్ తన పాత ఆరు సిలిండర్ల ఇంజన్‌ను దానికి తగ్గట్టు మార్చుకోవడం కన్నా నిస్సాన్ దగ్గర కొనుక్కోవడం మేలనుకుంది. అలా వీఎల్ అనే రకం కమడోర్‌లో జపాన్‌లో తయారైన ఆర్‌బీ30 ఇంజన్ వచ్చి కూర్చుంది. దాని టర్బో రకం 150 కిలోవాట్లతో పోలీసుల చేతుల్లోనూ, పోలీసులు తరిమేవాళ్ల చేతుల్లోనూ పేరు తెచ్చుకుంది. ఇప్పటికీ వీఎల్ టర్బో అంటే హోల్డెన్ అభిమానులు కళ్లకద్దుకుంటారు.

కొడుకు ఆ బ్లాకు కొని తెచ్చిన రోజున దాన్ని మా బంకు వెనకాల దించాల్సి వచ్చింది. పెద్దాయన చూశాడు. “చివరికి నీ జపాన్ బండికి హోల్డెన్ ఇంజన్ కావలసి వచ్చిందన్నమాట” అన్నాడు. “హోల్డెన్‌దా నాన్నా? దీని మీద పోత పోసిన అక్షరాలు చదువు, ఇది నిస్సాన్‌ది. హోల్డెన్ వాళ్లే అరువు తెచ్చుకున్నారు” అన్నాడు కొడుకు. ఇద్దరూ ఆ నూనె మరకల ఇనుప దిమ్మకు అటొకరు ఇటొకరు నిలబడి, అది ఏ దేశపుదో తేల్చుకోవడానికి చీకటి పడేదాకా వాదించుకున్నారు. నేను లోపలికి వెళ్లి పంపులు చూసుకున్నాను. బయటికి వచ్చేసరికి పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, నూనె దారి కోసం కొత్త రంధ్రాలు ఎక్కడ వేయాలో సుద్దముక్కతో గుర్తులు పెడుతున్నాడు.

* * *

తర్వాత నాకు వేరే ఉద్యోగం దొరికి బంకు మానేశాను. కొడుకుతో పరిచయం మాత్రం తెగిపోలేదు. ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. నా మాగ్నా పుట్టిన టాన్స్‌లీ పార్క్ 2008లోనే పోయింది. 2016 అక్టోబరు 7న బ్రాడ్‌మెడోస్‌లో చివరి ఫాల్కన్, నీలం రంగు ఎక్స్‌ఆర్6, లైను దిగింది. 2017 అక్టోబరు 3న టయోటా ఆల్టోనా ఫ్యాక్టరీ, అదే నెల 20న ఆడిలైడ్ ఉత్తర శివారు ఎలిజబెత్‌లో హోల్డెన్ ఫ్యాక్టరీ. ఒకప్పుడు 57.5 శాతం ఉన్న దిగుమతి సుంకం 2010 నాటికి 5 శాతానికి దిగింది, ఆస్ట్రేలియా డాలరు విలువ పెరిగింది, ఇంత చిన్న దేశంలో అమ్ముడయ్యే కొన్ని కార్ల కోసం ఇన్ని ఫ్యాక్టరీలు నిలవలేకపోయాయి. జపాన్ కంపెనీ అనిపించుకున్న టయోటా ఇక్కడ తయారు చేసిన క్యామ్రీలను మధ్యప్రాచ్య దేశాలకు పంపేది, అదీ పోయింది. మూసిన రోజున రెండు వర్గాల కార్మికులూ ఒకే తీరుగా గేటు బయట ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

అప్పటికే పదవీ విరమణ చేసిన పెద్దాయన ఫోర్డ్ ఫ్యాక్టరీ మూసిన రోజు గేటు దగ్గరికి వెళ్లలేదట. ఇంట్లోనే ఉండి కంచె దగ్గరి టమాటా మొక్కలకు కర్రలు కట్టుకున్నాడని కొడుకు చెప్పాడు.

అంతకు కొన్ని నెలల ముందే కాల్డర్‌లో స్కైలైన్ ఇంజన్ పిస్టన్ పగిలి బ్లాకు చీలిపోయింది. పీడనం మరీ పెంచాడని అందరూ అన్నారు. బండి వీధిలో గుడ్డ కప్పుకుని పడి ఉంది. ఫ్యాక్టరీ మూతపడ్డ కొన్ని వారాలకు పెద్దాయన తనకు తానే యార్డుకు వెళ్లి, ముందు భాగం నుజ్జయిన ఎక్స్‌ఆర్6 టర్బో ఒకటి బేరమాడి ఇంజన్ విప్పించుకుని వచ్చాడు. ఇంటి ముందు అంతకాలం నిషేధం ఉన్న చోటులోకి స్కైలైన్‌ను తోయించాడు. అక్కడి నుంచి ఎన్నో శని, ఆదివారాలు తండ్రీ కొడుకులు దాని కిందనే ఉన్నారు. గీలాంగ్ ఇంజన్ ఎత్తు ఎక్కువ. నిస్సాన్ బానెట్ కింద ఇమడలేదు. బానెట్ కోశారు, ఇంజన్ నిలిపే బ్రాకెట్లు కొత్తగా చేశారు, గేరుబాక్సు మార్చారు. ఇంజనీరు వచ్చి బ్రేకులూ చట్రమూ పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వడానికి ముందు రెండుసార్లు వెనక్కి పంపాడు. అలాంటి పనులు చేయించుకున్న వాళ్లు ఈ దేశంలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. అప్పుడు మాత్రం మా ఎరుకలో అదొక్కటే.

మొదటిసారి దాన్ని కాల్డర్‌కు తీసుకెళ్లిన రోజున నేనూ వెళ్లాను. జపాన్ వరసలో నిలపబోతే బానెట్ కింద ఫోర్డ్ ఉందన్నారు, వీ8 వరసకు పోతే ఒంటి మీద నిస్సాన్ గుర్తు ఉందన్నారు. చివరికి మరుగుదొడ్ల పక్కన ఉన్న ఖాళీ జాగాలో నిలిపాం. పరుగులో అది రెండు వరసల నుంచి వచ్చిన కార్లనూ వెనక వేసింది. కాగితం అందుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్తే అక్కడి అమ్మాయి నమోదు చేసుకోవడానికి బండి ఏమిటని అడిగింది. “స్కైలైన్” అన్నాడు కొడుకు. “ఫాల్కన్” అన్నాడు పెద్దాయన అదే క్షణంలో. ఆ అమ్మాయి కలం పట్టుకుని ఇద్దరి వంకా చూస్తుండగా, వెనక వరసలో ఉన్నవాళ్లు హారన్లు కొట్టడం మొదలుపెట్టారు.